ఆరో వరస

మా ఆయన చేతులు వణుకుతున్నాయన్న సంగతి నాకంటే ముందు ఆ మిషన్‌కే తెలిసింది.

2022 వేసవి అది. యూఏఈలోని ఫుజైరాలో కొండవాగు పక్కన పల్లపు వీధిలో మా కాపురం. పాత విల్లా ఒకదాన్ని గదులు గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. కింద వెనకవైపు గది మాది. మా ఆయన పేరు అంజిబాబు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రిపేరు షాపులో బ్యాటరీ ప్యాకులు కట్టేవారు. క్వారీ వాళ్ల డ్రిల్లింగ్ మిషన్లకీ, డెలివరీ వాళ్ల కరెంటు సైకిళ్లకీ, చేపల పడవల్లో దీపాలకీ అన్నిటికీ అదే పని. వేలెడంత సెల్స్‌ని వరసలుగా పేర్చి, వాటి తలల మీద నికెల్ పట్టీ పరిచి, అతికించి, చుట్టి ఇవ్వాలి. అంజిబాబు కట్టిన ప్యాక్ తిరిగి రాదని షాపు ముదీర్, అంటే మేనేజరు, నలుగురిలో చెప్పుకునేవాడు.

జూన్ మొదటి వారంలో ఆయన పని ఇంటికి తేవడం మొదలుపెట్టారు. షాపులో ఏసీ సరిగా లేదనీ, చెమట సెల్స్ మీద పడుతోందనీ చెప్పారు. నమ్మాను. ఆ ఎండలు చూస్తే ఎవరైనా నమ్ముతారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి ఆయన కింద చాప మీద కూర్చుని వెల్డర్ పట్టుకుని ఉన్నారు. అరచేతిలో పట్టే స్పాట్ వెల్డర్ అది. చూడటానికి ఫోను చార్జ్ చేసుకునే పవర్ బ్యాంకులా ఉంటుంది, కాకపోతే ముందు రెండు రాగి ముక్కులుంటాయి. లోపల దాని బ్యాటరీ దానికే ఉంటుంది. ముక్కుల్ని పట్టీ మీద ఆనించి నొక్కితే టక్‌మని చిన్న మెరుపు మెరిసి పట్టీ సెల్‌కి అతుక్కుంటుంది. రెండు ముక్కులూ ఒకే బలంతో ఆనాలి, కదలకూడదు. కదిలితే పట్టీ కాలి చిల్లు పడుతుంది. సరిగా ఆనకపోతే పైపైన అంటుకుంటుంది. చిల్లు కంటికి కనబడుతుంది. పైపైన అంటుకున్నది కనబడదు.

ఆ రోజు చాప నిండా చిల్లులు పడ్డ పట్టీ ముక్కలే. ఆయన ఎడం చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఆ రెండు ముక్కుల్నీ పట్టీ మీద నిలబెట్టాలని చూస్తున్నారు. అవి నిలబడటం లేదు. వాన చినుకులు రేకు మీద పడ్డట్టు పట్టీ మీద టకటకా కొట్టుకుంటున్నాయి.

నన్ను చూసి చేతులు ఒళ్లోకి లాక్కున్నారు. మిషన్‌లో చార్జింగ్ తగ్గిందన్నారు. మిషన్ మీద నాలుగు దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి.

బట్టలు మంచం మీద పడేసి పక్కన కూర్చున్నాను. ఎన్నాళ్ల నుంచి అని అడగలేదు. హాస్పిటల్‌కి వెళ్దామా అని మాత్రం అడిగాను. ఎండకి నీరసం, నాలుగు రోజుల్లో అదే పోతుంది అన్నారు. షాపులో తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చెయ్యి నిలవనివాడిని ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోబెట్టరు. పని పోతే వీసా పోతుంది, ఇద్దరం సర్దుకుని విమానం ఎక్కాలి.

"నేను పట్టుకోనా?" అన్నాను.

ఆయన మిషన్ చాప మీద పెట్టేసి గోడకి జారబడ్డారు.

మాది మొగల్తూరు. తొమ్మిదేళ్ల వయసు నుంచి కొక్కెం పట్టుకుని లేసు అల్లాను. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, వేలికొసని చెప్పిన చోట ఆపడం నాకు కొత్త కాదు. మొదటి రోజు పాత సెల్స్ మీద పట్టీలు వేశాను. ఆయన పక్కనుంచి చెబుతూ వచ్చారు. సెల్ తల తుడువు, మిషన్ నిలువుగా పట్టు, నొక్కేముందు ఊపిరి బిగబట్టు, మెరుపు అయ్యాక ఒక లెక్క ఆగి ఎత్తు. అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెప్పారు. నమూనాకి వేసిన పట్టీని పట్టకారుతో పీకి చూడాలి. పట్టీ చిరిగి దాని ముక్క సెల్ మీదే ఉండిపోతే అది మంచి అతుకు. శుభ్రంగా ఊడి చేతికొస్తే అసలు అతుకే కాదు. ప్యాక్‌లో వేసినదాన్ని చింపకుండా లాగి చూడాలి. ఎవరు వేసినదైనా సరే లాగి చూడకుండా ప్యాక్ చుట్టకూడదు. అది ఆయన నియమం.

జూన్ నెలాఖరుకి ఇంట్లో కట్టిన ప్యాకులన్నీ నా చేతి మీదవే. ఆయన సెల్స్ కొలిచి, జత చేసి, ఏది ఎక్కడ పెట్టాలో చూపించేవారు. నేను అతికించేదాన్ని. పొద్దున ఆయన సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లేవారు. ఈ మధ్య నీ చెయ్యి ఇంకా తిరిగింది అని ముదీర్ మెచ్చుకున్నాడట. ఆ మాట అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ చెప్పారు. ఆ తర్వాత రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. గదిలో ఆ టక్ టక్ చప్పుడొక్కటే ఉండేది. పక్క గది వాళ్లు అడిగితే ఆయన పని చేసుకుంటున్నారని చెప్పేదాన్ని.

మా పైగదిలో సర్వర్ బేగం, వాళ్ల అమ్మ అక్తర్ బీ ఉండేవాళ్లు. కరీంనగర్ వాళ్లు. సర్వర్ బేగం ఒక స్కూల్లో ఆయా. అక్తర్ బీకి కరోనా వచ్చి తగ్గాక ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. గాలిలోంచి ఆక్సిజన్ పట్టి ఇచ్చే చిన్న మిషన్ ఒకటి ఆమె మంచం పక్కన ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. విల్లాలో అన్ని గదుల ఏసీలూ ఒకేసారి నడిస్తే మెయిన్ పడిపోయేది, దాంతోపాటే ఆ మిషన్ ఆగిపోయేది. అలా ఆగినప్పుడల్లా సర్వర్ బేగం మళ్లీ మెయిన్ వెయ్యడానికి మెట్లు దిగి పరిగెత్తడం మేం వినేవాళ్లం. చివరికి ఆమె మా ఆయన్ని అడిగింది. కరెంటు పోయినా అమ్మీ మిషన్ నడిచేలా పెద్ద ప్యాక్ ఒకటి కట్టివ్వమని.

ఆయన ఒప్పుకున్నారు. నూట నలభై సెల్స్, ఇరవై చొప్పున ఏడు వరసలు. నిండా చార్జ్ చేస్తే నాలుగు గంటలు నడుస్తుందన్నారు. జూలై మొదటి వారంలో రోజుకి ఒక వరస చొప్పున వేసుకుంటూ వచ్చాను.

ఐదు వరసలు అయ్యాక ఒక సాయంత్రం ఆయన కొలతలు చూడటానికి పైకి వెళ్లారు. అక్తర్ బీ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుందట. నా ఊపిరి ఈ చేతుల్లనే ఉంది కొడకా అందట. కిందికి వచ్చి ఆయన చాలాసేపు మంచం మీద కూర్చున్నారు. తర్వాత చాప మీదికి దిగి మిషన్ చేతిలోకి తీసుకున్నారు.

"ఈ వరస నేను వేస్తాను."

నేను లేచి వంకాయలు తరగడానికి వెళ్లాను. వీపు అటు తిప్పి కూర్చున్నాను గానీ చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి. కొన్ని టక్‌లు గట్టిగా, కొన్ని తేలిగ్గా, కొన్ని సగంలో ఆగినట్టు వినబడ్డాయి. గంటన్నర పట్టింది. చిల్లులు మాత్రం పడలేదు. పైకి చూస్తే వరస బాగానే ఉంది. ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేటపడింది.

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు పట్టకారు తీసుకుని ఆరో వరస దగ్గరికి వంగాను. పట్టీ కొసని పట్టుకోబోతుంటే స్నానాల గది తలుపు చప్పుడైంది. పట్టకారు పక్కన పెట్టేశాను. మర్నాడు ఏడో వరస వేసి, ప్యాక్ చుట్టూ నీలం రంగు కవరు తొడిగి వేడి పట్టించి బిగించేశాను. ఆ వేసవిలో నేను చేసిన తప్పు అదొక్కటే.

ప్యాక్ పైకి చేరింది. రెండుసార్లు మెయిన్ పడిపోయినప్పుడు పది నిమిషాలు, పావుగంట బాగానే నడిచింది. సర్వర్ బేగం బిర్యానీ వండి పంపింది. నేను తినలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

జూలై ఆఖరి వారం, బుధవారం. పొద్దుటి నుంచీ వాన. ఎండాకాలంలో ఆ ఊళ్లో అలాంటి వాన పడటం ఎవరూ ఎరగరు. పదింటికి వీధి కనబడలేదు. కొండల మీంచి ఎర్రనీళ్లు వాగు కట్టు దాటి వచ్చేశాయి. షాపు తెరవలేదు గనక ఆయన ఇంట్లోనే ఉన్నారు. రెండున్నర ప్రాంతంలో కరెంటు పోయింది. కాసేపటికి మా గుమ్మంలోంచి నీళ్లు లోపలికి వచ్చి, చూస్తుండగానే మోకాళ్లకి చేరాయి. పాస్‌పోర్టులు, పనిముట్ల డబ్బా నెత్తిన పెట్టుకుని పైకి వెళ్లిపోయాం. మిగతా గదుల వాళ్లు అప్పటికే డాబా మీది గదిలోకి చేరారు.

అక్తర్ బీ మిషన్ ప్యాక్ మీద నడుస్తోంది. సర్వర్ బేగం ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. రోడ్లు మునిగాయి, పడవ పంపుతాం, మీ వంతు వచ్చేదాకా ఉన్నచోటే ఉండండి అన్నారు. నాలుగు గంటల వ్యవధి ఉంది గదా అని అందరం కాస్త స్థిమితపడ్డాం.

యాభై నిమిషాలకి ప్యాక్ దగ్గరున్న ఇన్వర్టర్ కీచుమని అరిచింది, మిషన్ ఆగిపోయింది.

సర్వర్ బేగం మూల ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ లాగి అమ్మీ ముక్కుకి పైపు మార్చింది. దాని ముల్లు ఎర్రగీతకి కాస్త పైన ఉంది. ఎంతసేపు వస్తుందని అడిగితే, తగ్గించి పెడితే అరగంట అంది. ఆయన ఇన్వర్టర్ ఆపి మళ్లీ వేశారు. నిమిషం నడిచి మళ్లీ ఆగింది.

"ఏమైందన్నా? నాల్గు గంటలు నడుస్తదన్నవ్ గదా," అంది సర్వర్ బేగం.

ఆయన ప్యాక్ మీద అరచెయ్యి ఆనించి ఒక కొస నుంచి మెల్లిగా జరుపుతూ వచ్చారు. నేను ఆ చేతినే చూస్తున్నాను. మొదటి వరస, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో వరస మీద చెయ్యి ఆగింది. చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కున్నారు.

అతుకులు ఊడిన సెల్స్ పక్కకి తప్పుకుంటే, అతుక్కుని ఉన్న నాలుగైదు సెల్సే మొత్తం బరువు మోస్తాయి. అవి వేడెక్కుతాయి. అలాగే నడిపిస్తే అంటుకుంటాయి కూడా. ఇది నాకు ఆయనే నేర్పారు.

"ఏవండీ, విప్పాలి," అన్నాను.

ఆయన కిటికీలోంచి వాన వైపు ఒక్క క్షణం చూశారు.

"ఆ వరస నాది. తీసెయ్."

సర్వర్ బేగానికి ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే తీరికా లేదు.

బల్ల కిటికీ దగ్గరికి లాగాం. నీలం కవరు కోశాను. గాజులు తియ్యమని ఆయన గుర్తుచేశారు. చార్జ్ ఉన్న సెల్స్ మీద ఏ లోహం అడ్డం పడినా నిప్పు లేస్తుంది. తీసి పక్కన పెట్టాను. మెడలో సూత్రాలు ముందుకి వేలాడుతున్నాయి. నా చేతులు రెండూ పనిలో ఉన్నాయి. ఆయన వణికే వేళ్లతోనే వాటిని తిప్పి వీపు వైపు వేసి, జాకెట్టులోకి దోపారు.

పట్టీ కొసని పట్టకారుతో లాగాను. సీసా మీది కాగితం ఊడినట్టు శుభ్రంగా ఊడి వచ్చింది. సెల్ మీద గీత కూడా లేదు. పక్కదీ అంతే. ఇరవైలో ఐదు మాత్రం గట్టిగా అంటుకుని ఉన్నాయి, వాటిని మెల్లిగా చించి తీశాను. ఆయన అన్నీ చూస్తూనే ఉన్నారు. ముఖం తిప్పుకోలేదు.

వెల్డర్ స్విచ్ వేశాను. నాలుగు దీపాల్లో ఒకటే వెలిగింది. ముందురోజు దాన్ని చార్జింగ్‌లో పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడు పెడదామన్నా ఇంట్లో కరెంటు లేదు.

"ఒకటి విడిచి ఒకటి వెయ్యి," అన్నారాయన. "పది సెల్స్ అందుకున్నా చాలు, బండి నడుస్తుంది."

ఆయన కొత్త పట్టీ కోసి పరిచారు. అది కదలకుండా చెక్క గరిటె ఒకటి తెమ్మని సర్వర్ బేగంతో చెప్పి, రెండు ముంజేతులూ బల్లకి గట్టిగా ఆనించి ఆ గరిటెతో పట్టీని అదిమి పట్టుకున్నారు. అలా ఆనించితే వణుకు సగం తగ్గింది. నేను వెల్డర్ నిలువుగా పట్టి ముక్కులు ఆనించాను. టక్. ఎత్తి, పక్కనే ఇంకోటి. టక్. సెల్‌కి రెండు.

సిలిండర్ బుస్సుమంటోంది. కింద నీళ్లలో ఏవో సామాన్లు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు. మూడో సెల్. నాలుగు. నా నుదుటి మీది చెమట సెల్స్ మీద పడకుండా సర్వర్ బేగం తన చున్నీతో తుడుస్తూ ఉంది. ఐదు. ఆరు. ఏడో సెల్ మీద రెండోసారి నొక్కితే మెరుపు రాలేదు. దీపం ఎర్రగా కొట్టుకుంటోంది. ఇంకోసారి నొక్కాను. రాలేదు.

"ఆపు. ఒక్క రెండు నిమిషాలు దాన్ని ఊరికే ఉంచు, కాస్త పుంజుకుంటుంది," అన్నారాయన.

సర్వర్ బేగం సిలిండర్ ముల్లు వైపు చూసింది. అది ఎర్రగీత మీదికి వచ్చేసింది. మళ్లీ ఫోన్ చేసింది. పడవ బయల్దేరింది, ముందు ఇంకో నాలుగిళ్లు ఉన్నాయని చెప్పారు. ఫోన్ పెట్టేసి ఏడుపు ఆపుకోలేకపోయింది.

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న అక్తర్ బీ నా వైపు తల తిప్పింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ అంది.

"తొందర పడకు బిడ్డా. నేనేడికి పోత లేను."

రెండు నిమిషాలయ్యాయి. ముక్కులు ఆనించాను. ఊపిరి బిగబట్టి నొక్కాను. టక్. ఏడోది పూర్తయింది. ఎనిమిదోది కూడా. తొమ్మిదోదానికి రెండోసారి మెరుపు చిన్నగా వచ్చింది. ఆ తర్వాత దీపం ఆరిపోయింది.

"తొమ్మిదితో సరిపెట్టు," అన్నారు.

పట్టకారు తీసుకున్నాను. ఈసారి ఏదీ వదల్లేదు. తొమ్మిది సెల్స్ దగ్గరా పట్టీని లాగి చూశాను. ఎనిమిది కదల్లేదు. తొమ్మిదోది ఊడింది. ఎనిమిది అన్నాను. సరే, కలిపెయ్ అన్నారు.

ఇన్వర్టర్ వేశారు. ఆక్సిజన్ మిషన్ ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి, మామూలుగా నడవడం మొదలుపెట్టింది. సర్వర్ బేగం పైపు మార్చింది. ఆయన బల్ల పక్కన నేల మీద కూర్చుని ఆరో వరస మీద అరచెయ్యి పెట్టి ఉంచారు, వేడెక్కుతుందేమోనని. ఐదు నిమిషాలు. పది. అరగంట. చెయ్యి తియ్యలేదు. వరస గోరువెచ్చగా ఉందనీ అంతకంటే పెరగడం లేదనీ అన్నారు. అక్తర్ బీ పెదాల రంగు మెల్లిగా మారింది.

అలా కూర్చున్నప్పుడే చెప్పాను. ఆ రోజు పట్టకారు పట్టుకుని వంగి కూడా లాగి చూడకుండా వదిలేశానని.

"తెలుసు. తలుపు సందులోంచి చూశాను," అన్నారాయన.

గంటా నలభై నిమిషాలు నడిచింది. ఐదున్నరకి, ఇంకా వెలుగుండగానే, రబ్బరు పడవ మెట్ల దాకా వచ్చింది. ఇద్దరు మనుషులు అక్తర్ బీని కుర్చీలో కూర్చోబెట్టి దించారు. పడవ ఎక్కించేముందు మా ఆయన సర్వర్ బేగంతో మొత్తం చెప్పేశారు. ప్యాక్ కట్టింది మా ఆవిడనీ, చెడిన వరస ఒక్కటే తనదనీ, తన చేతులు బాగాలేవనీ. ఆమె వింటూ నిలబడింది. నడువన్నా, ఇప్పుడదంతా ఎందుకు, ఆ ప్యాక్ పడవల పెట్టు, ఇంకా నడుస్తది గదా అంది.

అక్తర్ బీ పన్నెండు రోజులు హాస్పిటల్లో ఉండి తిరిగి వచ్చింది. విల్లా అందరం ఖాళీ చేశాం. వాళ్లు పక్క ఊరు ఖోర్ ఫక్కాన్‌లో స్కూలుకి దగ్గరగా గది చూసుకున్నారు. నీళ్లు తీసిన మూడో రోజు ఆయన షాపుకి వెళ్లి ముదీర్‌కి ఉన్నదున్నట్టు చెప్పారు. ముదీర్ వారం రోజులు ఏమీ అనలేదు. ఆ వారం మేం పెట్టెలు విప్పకుండానే ఉన్నాం. తర్వాత నన్ను తీసుకురమ్మన్నాడు. ఒక పాత ప్యాక్ ముందు పెట్టి, ఒక వరస వేయించి, పట్టకారుతో తనే లాగి చూశాడు. యల్లా, ఈమె పేరు మీద వీసా కాగితాలు పెడదాం అన్నాడు. సెప్టెంబరు నుంచి ఆ బల్ల దగ్గర కుర్చీ నాది. సెల్స్ కొలవడం, జత చెయ్యడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం ఆయన పని.

అంతకుముందే, ఆగస్టు చివరలో ఒక పొద్దున, ఆయన తనంతట తనే చొక్కా తొడుక్కుని హాస్పిటల్‌కి పద అన్నారు.

డాక్టరమ్మ మలయాళీ. నెమ్మదిగా మాట్లాడింది. ఆయన చేతులు చాపించింది, ముక్కు ముట్టుకోమంది, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. మా నాన్న మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడని ఆయన చెప్పారు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆ మాట నేను వినడం అదే మొదలు. ఇది వంశంలో వచ్చే వణుకు, ప్రాణానికేం భయం లేదు, మాత్రలతో తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని చెప్పలేను అందామె. తర్వాత ఒక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, చెయ్యి బల్లకి ఆనించకుండా లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒక గీత గియ్యమంది.

జూన్ నుంచి నా ముందు సంతకం కూడా పెట్టని మనిషి. నేను లేచి బయటికి వెళ్లబోయాను. ఉండు అన్నారు.

గీశారు. పెన్ను ఎటు పోవాలో అటు పోలేదు. రంపపు పళ్లలా ఎగిరెగిరి పడుతూ చుట్టు తిరిగింది. ఆయన ఆపలేదు. కాగితం అంచుదాకా గీసి, డాక్టరమ్మ వైపు కాకుండా నా వైపు తిప్పారు.

"ఎలా ఉంది?"

కాగితం చూశాను. ఆయన ముఖం చూశాను.

"బాగా వంకరగా ఉందండీ," అన్నాను.

ఆయన నవ్వారు. పెన్ను ఎడం చేతిలోకి మార్చుకుని, ఇంకో కాగితం ఇమ్మని డాక్టరమ్మని అడిగారు.